చలికాలం ముదరకముందే చేతుల సంగతి



ఈ వారం చేతి తొడుగుల గురించి రాస్తున్నాం. వాక్యం వదిలిపెట్టి బజారు సంగతులు ఎందుకని కొందరు అనుకోవచ్చు. కానీ ఈ చలికాలంలో మా ఇంటికి వచ్చిన ప్రార్థన మనవుల్లో మూడు చేతుల గురించే వచ్చాయి. ఒకటి కెనడాలో చదువుతున్న కొడుకు కోసం. ఒకటి తెల్లవారుజామున బండి మీద పాలు పోసే తండ్రి కోసం. ఇంకొకటి నాటుకు పోయే తల్లుల కోసం. ప్రార్థన చేశాం. ప్రార్థన అయ్యాక, వీళ్లకు ఏది కొంటే డబ్బు దండుగ కాకుండా చెయ్యి వెచ్చగా ఉంటుందో కూడా కనుక్కుందాం అనుకున్నాం. బట్టలు లేనివాడికి వట్టి మాటల దీవెన ఇచ్చి పంపిస్తే ఏం లాభమని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో అడుగుతాడు కదా. కాబట్టి ఈసారి మాటలతో పాటు కొన్ని లెక్కలు కూడా ఉంటాయి. ఓపికగా చదవండి.

ముందు కెనడా సంగతి. మన సంఘంలోని ఒక కుటుంబం కొడుకు విన్నిపెగ్‌లో చదువుతున్నాడు. జనవరి రాత్రుల్లో అక్కడ మైనస్ 20 డిగ్రీలు మామూలు మాట. ఒక శనివారం కాలేజీ స్నేహితులు మంచు మీద జారే స్కీయింగ్‌కు తీసుకుపోయారు. కాళ్లకు కట్టుకునే స్కీలు, బూట్లు, చేతికర్రలు అన్నీ అక్కడే అద్దెకు దొరికాయి. చేతి తొడుగులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. మనవాడి దగ్గర ఉన్నవి ఇక్కడి నుంచి పోయేటప్పుడు బ్యాగులో పెట్టుకున్న పల్చటి నూలు గ్లౌజులు. కొత్తగా నేర్చుకునేవాడు నిలబడేదానికన్నా పడేదే ఎక్కువ. పడిన ప్రతిసారీ చేతులు మంచులో ఆనించి లేవాలి. గంట తిరగకముందే గ్లౌజులు తడిసి ముద్దయ్యాయి. సాయంత్రానికి వేళ్ల కొనలు తెల్లగా పాలిపోయి, గిల్లినా తెలియడం లేదు.

ఇంట్లో చెప్పలేదు. చెల్లెలికి మాత్రం ఫోన్‌లో చెప్పి, నాన్నకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఎందుకంటే ఆ చదువు అప్పు మీద నడుస్తోంది. షాపులో మంచి తొడుగులు 50 డాలర్లు చూశాడట. డాలరుకు సుమారు 60 రూపాయలని మనసులో గుణించుకున్నాడు. చేతులకు 3000 రూపాయలా అని అక్కడే పెట్టి వచ్చాడు. పరదేశంలో ఉన్న మన పిల్లలు చాలామంది ఈ గుణకారం చేసే బతుకుతున్నారు. తిండి దగ్గర చేస్తారు, మందుల దగ్గర చేస్తారు.

చెల్లెలు మూడు రోజులు ఆ మాట మోసి, నాలుగో రోజు మా ఇంటికొచ్చి ఏడ్చింది. సాయంత్రం తల్లి వచ్చింది. "పోరడు ఫోన్ల మొఖమే చూపిస్తుండు అయ్యగారూ, చేతులు చూపిస్తలేడు" అంది. ఆ మాటకు మాకు జవాబు రాలేదు. దేవుని దయ వల్ల గాయం లోతుకు పోలేదని అక్కడి డాక్టరు చెప్పారు. వేళ్లు నిలబడ్డాయి. అయితే ఎంత మంది పిల్లలు మొఖం చూపించి చేతులు దాచిపెడుతున్నారో మనకు తెలుసా?

సరే, ఏది కొనాలి? చలిదేశాల్లో వాడే తొడుగులు రెండు రకాలు. ఒకటి గ్లౌజు. ఐదు వేళ్లకు ఐదు గదులు ఉంటాయి. రెండోది మిటెన్. బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగు వేళ్లకు కలిపి ఒకే గది. మిటెన్ అంటే మనకు కొత్తదేమీ కాదు. బాన్సువాడలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా టోపీ, సాక్సులతో పాటు చేతులకు తొడిగే చిన్న సంచులు ఉంటాయి చూడండి, దాదాపు అదే. గోళ్లతో మొఖం గీరుకోకుండా వేస్తాం, చలికీ పనికొస్తుంది.

ఒకే బట్టతో, ఒకే మందంతో గ్లౌజు, మిటెన్ కుడితే మిటెనే వెచ్చగా ఉంటుంది. కారణం మన వంటింట్లోనే ఉంది. జొన్నరొట్టెలు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, గుడ్డలో చుట్టి పెడతాం. గంట తర్వాత విప్పినా వేడిగానే ఉంటాయి. అదే రొట్టెలు పళ్లెంలో విడివిడిగా పరిస్తే పది నిమిషాల్లో చల్లారిపోతాయి. వేలు సన్నగా ఉంటుంది. చుట్టూ గాలి తగిలే చోటు ఎక్కువ, లోపల వేడి తక్కువ. గ్లౌజులో ఒక్కో వేలు తన చలి తానే కాచుకోవాలి. మిటెన్‌లో నాలుగు వేళ్లూ ఒకదాని వేడి ఒకదానికి పంచుతాయి. ప్రసంగి 4వ అధ్యాయం 11వ వచనంలో జ్ఞాని ఇద్దరి వెచ్చదనం గురించీ, ఒంటరివాడి చలి గురించీ చెప్పినది చదివినప్పుడల్లా ఇకమీదట మాకు మిటెన్ గుర్తొస్తుంది.

ఇంకొక మాట. తొడుగు వేడి పుట్టించదు. మన ఒంట్లో పుట్టిన వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, అంతే. అందుకే చేతులు గడ్డకట్టాక తొడిగితే లాభం తక్కువ. ఇంట్లో వెచ్చగా ఉన్నప్పుడే తొడుక్కుని బయటికి పోవాలి. ఒళ్లు చల్లబడితే, గుండెను కాపాడుకోవడానికి శరీరం ముందు చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గిస్తుంది. కాబట్టి తలకు టోపీ, ఛాతీకి మంచి కోటు లేకుండా ఎంత ఖరీదైన తొడుగు వేసినా వేళ్లు చల్లగానే ఉంటాయి.

ఇక బట్ట సంగతి. నూలు మన ఎండలకు దేవుడిచ్చిన వరం, మంచులో మాత్రం ప్రమాదం. తడి పీల్చుకుంటుంది, త్వరగా ఆరదు, ఉన్న వేడిని లాగేస్తుంది. ఉన్ని అలా కాదు, కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా పోనివ్వదు. ఇది మన కురుమ అన్నదమ్ములకు ఎవరూ నేర్పనక్కరలేదు. దక్కన్ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన నల్ల గొంగడి కప్పుకుని వానలో మందలు కాసినవాళ్లు వాళ్లు. గొంగడి అంచుల్లో రెండు చేతులూ లోపలికి ముడుచుకుని కూర్చున్న పెద్దమనిషిని మీరు చూసే ఉంటారు. ఆయన చేసుకున్నది మిటెనే. అయితే ఒక జాగ్రత్త. మన బజార్లో ఊలు అని అమ్మేదంతా ఉన్ని కాదు. చవకగా దొరికేది ఎక్కువగా యాక్రిలిక్ దారం. అది చెడ్డదేం కాదు, మన ఊరి చలికి సరిపోతుంది. మైనస్ 20కి మాత్రం దాన్నే నమ్ముకోవద్దు. లేబుల్ చూసి కొనండి.

మంచుదేశానికి పోయే పిల్లలు ఒక్క మందపాటి తొడుగు కన్నా పొరలుగా కొనుక్కుంటే మేలు. లోపల పల్చటి ఉన్ని గ్లౌజు. తాళం తీయాలన్నా, ఫోన్ నొక్కాలన్నా పైది తీసేసినా చేతికి ఏదో ఒకటి ఉంటుంది. దాని మీద గాలినీ తడినీ ఆపే పై మిటెన్, లోపల దూదిలాంటి మెత్తతో. లోపలి మెత్త విడిగా బయటికి వచ్చేది దొరికితే ఇంకా మంచిది. రాత్రికి తీసి ఆరబెట్టుకోవచ్చు. హీటర్‌కు ఆనించి మాత్రం ఆరబెట్టవద్దు, తోలు పగులుతుంది.

కొలత దగ్గర చాలామంది పొరపడతారు. బిగుతుగా ఉంటే వెచ్చగా ఉంటుందనుకుంటారు. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, లోపల గాలి నిలవడానికి చోటుండదు. ఆ నిలిచిన గాలే వెచ్చదనం. లోపలి గ్లౌజు వేసుకునే పై మిటెన్ తొడిగి చూడండి. పిడికిలి బిగించి విప్పగలగాలి. వేళ్ల కొసల దగ్గర కొంచెం ఖాళీ ఉండాలి. మణికట్టు దాటి కోటు చేతుల మీదికి వచ్చేంత పొడవుంటే మంచు లోపలికి దూరదు. రెండింటినీ కలిపే తాడు ఉంటే చిన్నపిల్లల సామానని సిగ్గుపడకండి. ఒక మిటెన్ పోతే రెండోది దేనికీ పనికిరాదు.

మరి ధర? ఇక్కడే మాకు ఒక మంచి సంగతి తెలిసింది. స్కీయింగ్ షాపులో అద్దాల వెనక పెట్టినవే కొనాలని లేదు. అమెరికాలో కింకో అనే కంపెనీ కూలి పనివాళ్ల కోసం పంది తోలుతో గ్లౌజులు, మిటెన్లు చేస్తుంది. మంచుకొండల మీద లిఫ్టులు నడిపే సిబ్బంది వాటిని తొడుక్కోవడం మామూలు. స్కీయింగ్ చేసేవాళ్లు కూడా చాలామంది ఇప్పుడు అవే కొంటున్నారు. తోలుకు మైనం పట్టిస్తే తడి ఆగుతుంది. మిన్నెసోటా వైపు చాపర్లని ఇంకొక రకం ఉన్నాయి. పైన జింక తోలు, లోపల విడిగా తీసుకునే ఉన్ని తొడుగు. ఎక్కువ డబ్బు పోసినవాడి చేతికన్నా, రోజంతా మంచులో పనిచేసే కూలివాడి చేతికి ఏది ఉందో చూసి కొనడం తెలివైన పని. పనిముట్ల దుకాణాల్లో, చలికాలం చివర్లో వేసే తగ్గింపు అమ్మకాల్లో, వాడిన బట్టల దుకాణాల్లో కూడా వెతకండి. వాడినవి కొంటే కుట్లు, బొటనవేలి మూల, అరచేయి చూసుకోండి. ముందు పోయేవి అవే.

మన అబ్బాయి చివరికి ఇలాగే తీసుకున్నాడు. పైతొడుగు వాడిన బట్టల దుకాణంలో దొరికింది. లోపలికి ఉన్ని గ్లౌజు కొత్తది కొన్నాడు. రెండూ కలిపి మొదట చూసిన ధరలో సగం కూడా కాలేదు.

వేళ్లు తెల్లబడి మొద్దుబారితే ఏం చేయాలో కూడా రాసి పెడుతున్నాం. వెంటనే లోపలికి పోవాలి. తడి గ్లౌజులు, ఉంగరాలు తీసేయాలి. రుద్దకూడదు. మంచుతో అసలే రుద్దకూడదు. మంట మీద, హీటర్ మీద కాచకూడదు. స్పర్శ లేని చేతికి కాలుతున్న సంగతి తెలియదు. గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి, ఆ నీళ్ల వేడి ఇంకొకరు చూడాలి. స్పర్శ తిరిగి రాకపోయినా, బొబ్బలు లేచినా డాక్టరు దగ్గరికి పోవాలి. డబ్బు గుణించుకుంటూ ఆగవద్దు.

ఈ మాట రాస్తుంటే డిచ్‌పల్లి గుర్తొచ్చింది. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ మన నిజామాబాద్ పక్కన అక్కడ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి తెరిచారు. ఆ వ్యాధి నరాలకు తగిలి చేతుల్లో స్పర్శ తీసేస్తుంది. నొప్పి తెలియకపోవడమే పెద్ద గాయానికి దారి తీస్తుంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి కూడా చేతులు, కాళ్లు అలాగే మొద్దుబారతాయి. అలాంటి పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. పొద్దున్నే చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు వాళ్లను మంటకు దూరంగా కూర్చోబెట్టండి. చేతులకు ఉన్ని తొడుగులు వేయండి. మంట కన్నా తొడుగే వాళ్లకు క్షేమం.

ఇక పాలు పోసే తండ్రి సంగతి. ఆయనకు మిటెన్ వద్దు. క్లచ్, బ్రేక్ పట్టాలంటే వేళ్లు విడివిడిగా ఆడాలి. ఇక్కడ గ్లౌజే కావాలి, కానీ అల్లిన ఊలు గ్లౌజు ఒక్కటే వేస్తే కన్నాల్లోంచి గాలి దూరిపోతుంది. మంజీర వైపు నుంచి వచ్చే పొద్దుటి గాలిలో బండి నడిపినవాళ్లకు ఆ కోత తెలుసు. గాలిని ఆపే తోలువి గానీ రెక్సిన్‌వి గానీ పైన ఉండాలి. ఇంకొక మార్గం, హ్యాండిల్‌కే తొడిగే సంచుల్లాంటి కవర్లు. చెయ్యీ, హ్యాండిలూ రెండూ అందులోకి పోతాయి. అంటే బండికే మిటెన్ తొడిగినట్టు. కొన్నాక ఇంటి ముందు నిలబడి బ్రేకు, హారన్, లైటు సరిగ్గా అందుతున్నాయో చూసుకునే రోడ్డెక్కండి.

నాటు వేసే తల్లులకు ఏ తొడుగూ మేం చెప్పలేం. నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చిన మడిలో, యాసంగి నాట్లకు, మోకాళ్ల లోతు బురదలో చేతులు ముంచి పనిచేసేవాళ్లకు ఉన్ని ఏం చేస్తుంది? వాళ్లకు పనికొచ్చే తొడుగు భూమి ఉన్నవాళ్ల చేతిలో ఉంది. మన సంఘంలో మడులున్న అన్నలకు ఒక మనవి. చలి ఎక్కువున్న రోజుల్లో నాటు ఇంకాస్త పొద్దెక్కాక మొదలుపెట్టనివ్వండి, కూలి కోయకండి. గట్టు మీద ఒక బిందె వేడినీళ్లు పెట్టించండి. దానికి పెద్ద ఖర్చు కాదు.

మన ప్రాంతపు బిడ్డ మాలావత్ పూర్ణను మీరందరూ ఎరుగుదురు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో, వ్యవసాయ కూలీల ఇంట్లో పుట్టింది. 2014 మే 25న, ఇంకా 14 ఏళ్లు నిండకముందే, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. 2022లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ పూర్తి చేసింది. ఆ ధైర్యం, ఆ ఊపిరి ఆమెవే. కానీ అక్కడి చలికి తట్టుకునే తొడుగులు కూలివాళ్ల ఇంట్లో ఉండవు. సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ ఆ పిల్లలకు శిక్షణ ఇప్పించి, ఖర్చు పెట్టి పంపింది. ధైర్యమున్న పిల్లలు మన సంఘంలో కూడా ఉన్నారు. వాళ్ల చేతులకు తొడుగు వేయడం పెద్దల పని.

పిల్లలారా, మీకు ఒక మాట. అడగడానికి సిగ్గుపడకండి. అపొస్తలుడైన పౌలు చెరసాలలో ఉండి తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయం తీయండి. గొప్ప విశ్వాస వాక్కులు రాసిన ఆ చేతితోనే, త్రోయలో కర్పు ఇంట్లో వదిలి వచ్చిన తన అంగీ తెమ్మని అడిగాడు. చలికాలం రాకముందే రమ్మని కూడా బతిమాలాడు. చలి వేస్తోందని చెప్పుకోవడం అవిశ్వాసం అని ఆయన అనుకోలేదు. ఆయన అడిగాడు కాబట్టే తిమోతికి తెలిసింది. మీరు అడగకపోతే మీ నాన్నకు ఎలా తెలుస్తుంది? అప్పు తీరేది మీ చేతులతోనే కదా. ఆ చేతులు పోగొట్టుకుని మిగిల్చిన 50 డాలర్లు ఎవరికి కావాలి?

తల్లిదండ్రులారా, ఈ వారం ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక, చేతులు చూపించు బిడ్డా అని కూడా అడగండి.

యవ్వనస్థులకు. ప్రతి క్రిస్మస్‌కు మనం దుప్పట్లు పంచుతున్నాం, అది ఆపవద్దు. ఈసారి వాటితో పాటు కొన్ని జతల గ్లౌజులు కూడా తీసుకుందాం. తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే అక్కలకు, పాలు, పేపర్లు వేసే వాళ్లకు, మొద్దుబారిన చేతులున్న పెద్దలకు. ఎవరికి ఏ కొలత కావాలో, ఎవరికి గ్లౌజు, ఎవరికి మిటెన్ పనికొస్తుందో ముందే అడిగి రాసుకుందాం. మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్నవి ఉంటే ఉతికి ఆరబెట్టి, జతగా ముడి వేసి ఆదివారం ఆరాధనకు తీసుకురండి. క్యారల్స్‌కు తిరిగే రాత్రుల్లో మీ చేతులకు కూడా వేసుకోండి. డప్పు కొట్టే తమ్ముడికి మాత్రం వేళ్లు బయటికి ఉండేవి వెతకాలి.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, మా చేతులను చేసినవాడా, దూరాన ఉన్న మా పిల్లల చేతులను కాపాడుము. చలిలో పని చేసేవారిని మా కళ్లకు చూపించుము. అడిగే ధైర్యం లేనివారికి ధైర్యం, ఇచ్చే మనసు లేనివారికి మనసు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.